నివురు కింది నిప్పును ఊదిందెవరు?

ఊపిరితిత్తుల్లో గడ్డ కనబడగానే ఏ డాక్టరైనా మొదట అడిగేది ఒక్కటే: "సిగరెట్టు, బీడీ, చుట్ట ఏదన్నా తాగే అలవాటుందా?" అడగడం న్యాయమే. 1950లో ఇంగ్లండులో రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫోర్డ్ హిల్ ఆసుపత్రుల్లో రోగులను విచారించి పొగాకుకూ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ ఉన్న చుట్టరికాన్ని బయటపెట్టారు. ఆనాటి నుంచీ పొగాకే మొదటి ముద్దాయి, ఇప్పటికీ అదే. కానీ మన దేశంలో ఈ జబ్బు వచ్చిన ఆడవాళ్ళలో ఎక్కువమంది పొగ తాగనివాళ్ళే. "లేదయ్యా, జీవితంలో ఎన్నడూ తాగలా" అని నెల్లూరు తీరపు తల్లి ఎవరైనా జవాబు చెబితే, విచారణ అక్కడే ఆగిపోతుంది. ఖర్మ అనో, వంశంలో ఉందేమో అనో సరిపెట్టుకుంటారు. ఖర్మ అనేసి వదిలిపెట్టదగిన చిక్కుముడి కాదిది. నూటయాభై ఏళ్ళకు పైగా దీన్ని విప్పుతూ వచ్చారు. విప్పినవాళ్ళలో మనవాళ్ళూ ఉన్నారు.

నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట పక్క పల్లెల్లో కట్టెల పొయ్యి ఇంకా పూర్తిగా ఆరలేదు. గ్యాసు బండ ఉన్న ఇళ్ళలో కూడా నీళ్ళు కాచుకోవడానికీ, పెద్ద వంటకీ పెరట్లో పొయ్యి రాజుకుంటుంది. సముద్రం ఒడ్డు కాబట్టి సరుగుడు కట్టెకు కొదవ లేదు. ఎండిన సరుగుడు బాగానే మండుతుంది గానీ, వానకు తడిసిన పుల్ల ముందు చిక్కటి తెల్ల పొగే వదులుతుంది. అప్పుడు ఊదుగొట్టం తీసుకుని పొయ్యి మీదికి వంగాలి. ఊదాలంటే ముందు రొమ్ము నిండా గాలి పీల్చుకోవాలి కదా, ఆ పీల్చుకునేది పొయ్యి ముందరి గాలే. కళ్ళు మండుతాయి, గొంతు గరగరమంటుంది, కాసేపు దగ్గొస్తుంది. ఆ మంట, ఆ దగ్గు కాసేపటికి పోతాయనే అందరూ అనుకుంటారు. లోపల అవి నిజంగా పోతున్నాయా అన్నదే ఈ కథనంలో అసలు ప్రశ్న.

క్యాన్సర్ ఎలా పుడుతుందో బడిపుస్తకాల్లో చెప్పే జవాబు తేలికైనదే. పొగలోని విషం కణంలోని జన్యువులను గాయపరుస్తుంది, గాయపడ్డ కణం అదుపు తప్పి పెరుగుతుంది. తప్పు లేదు, కానీ ఇది సగం జవాబు. వయసు పెరిగేకొద్దీ అలా దెబ్బతిన్న కణాలు అందరి ఒంట్లోనూ పోగవుతూనే ఉంటాయి. అందరికీ క్యాన్సర్ రాదేం? కొందరిలోనే ఆ కణం ఎందుకు లేచి కూచుంటుంది?

మొదటి అనుమానం 1863 నాటిది. బెర్లిన్‌లో రుడాల్ఫ్ విర్కో అనే రోగనిర్ధారణ శాస్త్రవేత్త సూక్ష్మదర్శిని కింద క్యాన్సర్ గడ్డల్ని చూస్తూ వాటి నిండా తెల్ల రక్తకణాలు గుమికూడి ఉండడం గమనించాడు. గాయమైన చోట, వాపొచ్చిన చోట చేరే కణాలవి. మానకుండా ఏళ్ళ తరబడి ఉండిపోయిన ఇన్‌ఫ్లమేషన్, అంటే ఒంట్లో వాపూ మంటా ఉన్న చోటే క్యాన్సర్ పుడుతుందని ఆయన అన్నాడు. రుజువు చూపలేకపోయాడు. గడ్డ వచ్చింది కాబట్టి ఆ కణాలు చేరాయా, ఆ కణాలు చేరాయి కాబట్టి గడ్డ వచ్చిందా? దొంగతనం జరిగిన చోట పోలీసు కనిపించినంత మాత్రాన అతనే దొంగ అనలేం. ఆ మాట అలాగే మూలపడింది.

రెండో ఆధారం మన తీరం మీదే దొరికింది. నెల్లూరుకు ఉత్తరాన, శ్రీకాకుళం, విశాఖపట్నం పల్లెల్లో ఆడవాళ్ళు చుట్ట తాగే పద్ధతి వేరు. నిప్పున్న కొనను నోట్లో పెట్టుకుని తాగుతారు, దాన్ని అడ్డపొగ అంటారు. సముద్రపు గాలికి చుట్ట ఆరకుండా ఉండటానికని కొందరు చెబుతారు. నిప్పు అంగిటికి అంత దగ్గరగా, రోజుకు ఎన్నిసార్లో. విశాఖలో డి. గోవిందరెడ్డి, వి. కామేశ్వరరావు అనే వైద్యులు ఈ పల్లెల నుంచి అంగిటి క్యాన్సర్‌తో వచ్చేవాళ్ళను గమనించి, అడ్డపొగకూ దానికీ ఉన్న సంబంధాన్ని 1957లో ఒక వైద్య పత్రికలో రాశారు. నాకు వాళ్ళ మీద గౌరవం కలిగేది ఆ తర్వాత వాళ్ళు వేసిన అడుగు చూసి. పొగాకు తారు ఒక్కటే ఈ పని చేస్తోందా, నిప్పు వేడికి కూడా ఇందులో వాటా ఉందా అన్న ప్రశ్న గోవిందరెడ్డికి వచ్చింది. సహచరులతో కలిసి తారునూ వేడినీ జంతువుల మీద ప్రయోగించి క్యాన్సర్ తెప్పించి చూశారు. 1960లో ఆ ఫలితాన్ని అమెరికాలో వెలువడే 'క్యాన్సర్' పత్రిక అచ్చు వేసింది.

తర్వాత డెన్మార్క్ నుంచి వచ్చిన యెన్స్ పిండ్‌బోర్గ్, బొంబాయి టాటా సంస్థకు చెందిన ఫాలీ మెహతా బృందం శ్రీకాకుళం పల్లెల్లో ఇల్లిల్లూ తిరిగి 10,169 మంది నోళ్ళు పరీక్ష చేసింది. 1971లో వచ్చిన ఆ నివేదిక ప్రకారం వాళ్ళలో 43.8 శాతం మంది అడ్డపొగ తాగేవాళ్ళే. అంగిటి క్యాన్సర్ కనిపించినవాళ్ళంతా ఆ కోవకే చెందారు. క్యాన్సర్ లేనివాళ్ళలో కూడా అంగిలి తెల్లబడడం, ఎర్రటి మచ్చలు, పుండ్లు కనిపించాయి. రోజూ కాలుతూ, రోజూ మానబోతూ, మళ్ళీ కాలుతూ ఉన్న చర్మం అది.

అయినా ఇది నిలబడే సాక్ష్యం కాదని ఎవరైనా వాదించవచ్చు, వాదించాలి కూడా. నిప్పు కొన నోట్లో ఉంటే వేడితో పాటు తారూ ఎక్కువే పడుతుంది. ఏది ఎంత చేసిందో విడదీయాలంటే జన్యువును గాయపరిచేదాన్నీ, వాపును తెచ్చేదాన్నీ వేరువేరుగా, వేరువేరు రోజుల్లో ప్రయోగించి చూడాలి.

ఆ పని 1940లలోనే ఆక్స్‌ఫర్డ్‌లో జరిగింది. ఐజాక్ బెరెన్‌బ్లమ్, ఫిలిప్ షూబిక్ ఎలుకల వీపు మీద క్యాన్సర్ కారకమైన రసాయనాన్ని ఒకే ఒక్కసారి, అది కూడా అతి తక్కువగా పూశారు. గడ్డలు రాలేదు. తర్వాత అదే చోట వారం వారం క్రోటన్ నూనె రాశారు. మన నేపాళం గింజల నుంచి తీసే నూనె అది. చర్మానికి తగిలితే ఎర్రబడి, వాచి, పొక్కుతుంది. అప్పుడు గడ్డలు పుట్టుకొచ్చాయి. వరస మార్చి ముందు నూనె, తర్వాత రసాయనం పూస్తే ఆ ఫలితం రాలేదు. రసాయనం పూసిన తర్వాత నెలల తరబడి ఆగి నూనె మొదలుపెట్టినా గడ్డలు వచ్చాయి. ఈ చివరి సంగతి దగ్గర కాసేపు ఆగాలి. అంటే గాయపడ్డ కణం చచ్చిపోలేదు, మామూలుగా మారిపోనూ లేదు. ఆరోగ్యంగా కనబడే చర్మంలో, నివురుగప్పిన నిప్పులా అలాగే ఉంది. వాపు వచ్చి ఊదుగొట్టంతో ఊదేదాకా ఉంది.

ఇక్కడ నేరం రెండుగా విడిపోయింది. నిప్పు పెట్టింది ఒకరు, ఊదింది మరొకరు. 1986లో అమెరికన్ వైద్యుడు హెరాల్డ్ డ్వోరాక్ గడ్డలను మానని గాయాలన్నాడు. గాయం మానడానికి శరీరం పంపే సరంజామానే, కొత్త రక్తనాళాలూ కణాలు పెరగమనే సంకేతాలూ, గడ్డ తన తిండిగా వాడుకుంటుందని చూపించాడు.

ఎలుక వీపు సరే, మనిషి ఊపిరితిత్తి సంగతేమిటి? అందుకు మళ్ళీ నెల్లూరు సీమకే రావాలి. ఇందుకూరుపేటకు నైరుతిగా గూడూరు, సైదాపురం వైపు పోతే మైకా గనుల నేల. ఒకప్పుడు నెల్లూరు అభ్రకానికి విదేశాల్లో పేరుండేది. అభ్రకం ఒంటరిగా దొరకదు, తెల్లరాయితో కలిసి ఉంటుంది. రాయికి రంధ్రం వేసినా, పగలగొట్టినా లేచే తెల్లటి ధూళిలో సిలికా ఉంటుంది. కంటికి కనబడని ఆ పలుకు ఊపిరితిత్తిలోకి దిగితే, అక్కడ చెత్త ఊడ్చే మాక్రోఫేజ్ అనే కణం దాన్ని మింగుతుంది. అరిగించుకోలేదు. రాతి పలుకు దాని లోపలి సంచులను చీల్చేస్తుంది. అప్పుడా కణం ఇంటర్‌ల్యూకిన్-1 బీటా అనే రసాయనాన్ని వదులుతుంది. అది సాయం కోసం వేసే కేక. ఆ కేక విని మరిన్ని కణాలు వస్తాయి, వాపు వస్తుంది. కణం చచ్చాక పలుకు బయటపడుతుంది, మరో మాక్రోఫేజ్ దాన్ని మింగుతుంది, మళ్ళీ అదే కేక. గని పని మానేసినా ఈ తంతు ఆగదు. సిలికా ఈ కేకను ఏ దారిలో పుట్టిస్తుందో 2008లో శాస్త్రవేత్తలు బయటపెట్టారు. అంతకు చాలా ముందే, 1997లో, పనిచోట పీల్చే సిలికా ధూళిని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం ఊపిరితిత్తుల క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. క్షయ వచ్చి తగ్గినవాళ్ళకు కూడా ఈ క్యాన్సర్ ముప్పు మిగతావాళ్ళకంటే సుమారు 1.7 రెట్లు ఉంటుందని పాత అధ్యయనాలన్నీ కలిపి చూసినవాళ్ళు లెక్కకట్టారు, పొగ తాగనివాళ్ళలో కూడా. రాతి పలుకులో పొగాకు లేదు, క్షయ క్రిమిలో తారు లేదు. వీటన్నిటికీ ఉమ్మడిగా ఉన్నది ఆరని వాపే.

ఇంటర్‌ల్యూకిన్-1 బీటా పేరు గుర్తుంచుకోండి. దాన్ని పట్టిచ్చిన సాక్ష్యం ఎవరూ ఊహించని చోటు నుంచి వచ్చింది.

బోస్టన్‌లో పాల్ రిడ్కర్ గుండె డాక్టరు. గుండెపోటుకు కొవ్వు ఒక్కటే కారణం కాదు, రక్తనాళాల్లో వాపు కూడా కారణమే అన్నది ఆయన నమ్మకం. దాన్ని పరీక్షించడానికి ఒకసారి గుండెపోటు వచ్చి, రక్తంలో వాపుకు గుర్తైన సీఆర్‌పీ లీటరుకు 2 మిల్లీగ్రాములు గానీ అంతకు మించి గానీ ఉన్న 10,061 మందిని తీసుకున్నారు. కొందరికి కనకినుమాబ్ అనే సూదిమందు, కొందరికి ఉత్త సూది, మూడు నెలలకోసారి. ఈ మందు చేసే పని ఒక్కటే, ఇంటర్‌ల్యూకిన్-1 బీటాను కట్టిపడేయడం. 2017 ఆగస్టులో ఫలితాలు వచ్చాయి. గుండె సంగతి అటుంచి, క్యాన్సర్ లెక్క చూసినవాళ్ళు నిర్ఘాంతపోయారు. ఎక్కువ మోతాదు, అంటే 300 మిల్లీగ్రాములు తీసుకున్నవాళ్ళలో ఊపిరితిత్తుల క్యాన్సర్ బయటపడడం 67 శాతం తగ్గింది. ఆ క్యాన్సర్ వల్ల చావులు 77 శాతం తగ్గాయి. మోతాదు పెరిగేకొద్దీ ఫలితమూ పెరిగింది. ఇంకో సంగతి: తర్వాత ఈ క్యాన్సర్ బయటపడినవాళ్ళకు ప్రయోగం మొదలైన రోజునే సీఆర్‌పీ ఎక్కువగా ఉంది. గడ్డ కనబడక ముందే రక్తంలో వాపు ఉంది!

అక్కడ ఆగి సంబరపడితే తప్పు చేసినవాళ్ళమవుతాం. సగటున 3.7 ఏళ్ళు మాత్రమే సాగిన ప్రయోగం అది. అంత తక్కువ కాలంలో కొత్త క్యాన్సర్‌ను మొదట్లోనే ఆపేశామనడం కుదరదు, అప్పటికే ఉన్న చిన్న చిన్న గడ్డలు పెరగకుండా ఆగి ఉండాలి. పైగా మందు తీసుకున్నవాళ్ళలో ప్రాణం తీసే ఇన్‌ఫెక్షన్లు పెరిగాయి. శరీరం వేసే ఆ కేక ఊరికే లేదు, మనల్ని కాచేది కూడా అదే. ఆ తర్వాత ఇదే మందును క్యాన్సర్ ముదిరినవాళ్ళకూ, ఆపరేషన్ అయినవాళ్ళకూ ఇచ్చి చూశారు. 2021, 2022లో వచ్చిన ఆ ఫలితాలు నిరాశపరిచాయి. ఊదుతున్న దశలో ఆపినప్పుడు దొరికిన లాభం, మంట ఇల్లంతా అంటుకున్నాక దొరకలేదు.

మరో ఆధారం మన భీమవరం బిడ్డది. యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లే ప్రయోగశాలలో పరిశోధన నడిపిన రోజుల్లో పుట్టిన మందు మెథోట్రెక్సేట్. ఇవాళ కీళ్ళవాతంలో వాపు తగ్గించడానికి ప్రపంచమంతా వాడుతుంది. రిడ్కర్ ఈ మందును కూడా తక్కువ మోతాదులో 4,786 మంది గుండె రోగుల మీద పరీక్షించాడు. అది ఇంటర్‌ల్యూకిన్-1 బీటాను గానీ సీఆర్‌పీని గానీ తగ్గించలేదు. గుండెకు మేలు కనబడలేదు, చర్మ క్యాన్సర్లు కొన్ని పెరిగాయి కూడా. ఇది సుబ్బారావు మందుకు మచ్చ కాదు, లుకేమియా వైద్యానికి దారి తీసిన కుటుంబం దానిది. ఆ ప్రయోగం చెప్పిన నిజం వేరే: వాపులన్నీ ఒక్కటి కాదు, వాపు తగ్గించే మందులన్నీ ఒక్కటి కాదు. ఊదే ఊదుగొట్టం ఏదో కనిపెట్టి దాన్నే పట్టుకోవాలి.

చివరి ముడి లండన్‌లో వీడింది. ఫ్రాన్సిస్ క్రిక్ సంస్థలో చార్లెస్ స్వాంటన్ బృందం ఎత్తుకున్నది అచ్చంగా మన ప్రశ్నే, పొగ తాగనివాళ్ళకు ఎందుకొస్తుంది అని. పొగ తాగనివాళ్ళ గడ్డల్లో తరచుగా కనబడేది ఈజీఎఫ్ఆర్ అనే జన్యువులో మార్పు. మన దేశంలో కూడా ఆడవాళ్ళలో, పొగ తాగనివాళ్ళలో అదే ఎక్కువ. ఇంగ్లండు, దక్షిణ కొరియా, తైవాన్ దేశాల్లో ఆ మార్పుతో వచ్చిన 32,957 క్యాన్సర్లను వాళ్ళు గాలి లెక్కలతో పోల్చారు. గాలిలో 2.5 మైక్రాన్లకంటే సన్నటి ధూళి పెరిగిన చోట ఈ క్యాన్సర్లూ పెరిగాయి. కెనడాలో పొగ తాగని రోగుల్లో చూస్తే మూడేళ్ళ కాలుష్యం కూడా తేడా చూపించింది.

తర్వాత 295 మంది ఊపిరితిత్తుల్లోని ఆరోగ్యకరమైన భాగాన్ని వెతికారు. 18 శాతం నమూనాల్లో ఈజీఎఫ్ఆర్ మార్పు, 53 శాతంలో కేఆర్‌ఏఎస్ అనే మరో జన్యువు మార్పు దొరికాయి. క్యాన్సర్ లేని కణజాలంలో! వయసుతో పాటు వచ్చి, నిద్రపోతున్న మార్పులవి. ఎలుకల్లో ఆ మార్పు పెట్టి సన్నటి ధూళిని పీల్చేలా చేస్తే గడ్డలు పెరిగాయి. ధూళి కొత్త జన్యుగాయాలేమీ చేయలేదు. మాక్రోఫేజ్‌లు దాన్ని మింగి ఇంటర్‌ల్యూకిన్-1 బీటాను వదిలాయి, ఆ సంకేతంతో నిద్రపోతున్న కణాలు పెరగడం మొదలుపెట్టాయి. ఇంటర్‌ల్యూకిన్-1 బీటాను ముందే అడ్డుకుంటే గడ్డలు తగ్గాయి. 2022లో ప్యారిస్ సభలో చెప్పి, 2023 ఏప్రిల్‌లో 'నేచర్' పత్రికలో అచ్చైన ఈ పరిశోధన విర్కో అనుమానానికి, ఆక్స్‌ఫర్డ్ నూనెకు, బోస్టన్ సూదికి ఒకే ముగింపు రాసింది.

ఇప్పుడు మన పొయ్యి దగ్గరికి వద్దాం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మూడు జిల్లాల్లో 420 పల్లె ఇళ్ళ వంటగదుల్లో గాలిని చెన్నై శ్రీరామచంద్ర వైద్య కళాశాలకు చెందిన కల్పనా బాలకృష్ణన్ బృందం కొలిచింది. 2004లో ప్రచురించిన ఆ లెక్కల్లో, ఊపిరితిత్తుల్లోకి దిగే సన్నటి ధూళి ఇరవైనాలుగు గంటల సగటున ఘనపు మీటరుకు గ్యాసు ఇళ్ళలో 73 మైక్రోగ్రాములు ఉంటే, కట్టె, పిడక లాంటివి మండించే ఇళ్ళలో 732 దాకా పోయింది. పదింతలు! బయటి గాలిలోని అంతకంటే సన్నటి ధూళికి మన దేశం రోజుకు పెట్టుకున్న పరిమితి 60, ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించేది 15. రెండు ధూళులనూ ఒకే తూకంలో వేయలేం గానీ, వంటింటి గాలి ఏ స్థాయిలో ఉందో పోల్చుకోవడానికి చాలు.

న్యాయంగా చెప్పాలంటే కట్టెల పొగను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన విభాగం ఇంకా 'బహుశా క్యాన్సర్ తెచ్చేది' అనే రెండో వర్గంలోనే ఉంచింది. ఇంట్లో మండించే రాతిబొగ్గు పొగ, డీజిల్ పొగ, బయటి గాలి కాలుష్యం మాత్రం మొదటి వర్గంలో ఉన్నాయి. కోర్టు భాషలో కట్టెల పొయ్యికి శిక్ష ఖరారు కాలేదు, అభియోగం మాత్రం బలంగా ఉంది. కానీ తల్లులనూ వదినెలనూ తుది తీర్పు వచ్చేదాకా ఆ పొగలో కూచోబెట్టే హక్కు మనకు లేదని నేను గట్టిగా నమ్ముతాను. డీజిల్ మాట వచ్చింది కాబట్టి, కరెంటు పోయినప్పుడు రొయ్యల గుంటల దగ్గర ఏరేటర్లు ఆగకూడదని రాత్రంతా జనరేటరు పక్కనే పడుకునే కాపలా మనిషి ఊపిరితిత్తుల గురించి కూడా ఎవరో ఒకరు ఆలోచించాలి. జనరేటరును మనిషి పడక నుంచి దూరంగా, గాలికి దిగువన పెట్టించడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

ఈ పరిశోధనలో నాకు ఆశ కలిగించే మాట ఒకటుంది. జన్యువులో పడ్డ గాయాన్ని మనం వెనక్కి తీసుకోలేం. వాపును మాత్రం తగ్గించవచ్చు. యాభై ఏళ్ళు పొగలో వండిన మనిషికి ఇప్పుడు గ్యాసు పెట్టి ఏం లాభం అనేవాళ్ళున్నారు, అది తప్పు. ఊదడం ఏ వయసులో ఆపినా లాభమే. చుట్టా బీడీ మానడానికీ ఇదే వర్తిస్తుంది.

అలాగని వాపు తగ్గిస్తాయని ఫోన్లలో తిరిగే చూర్ణాలకూ విటమిన్ మాత్రలకూ డబ్బు పోయొద్దు. మేలు చేస్తాయని బీటా కెరోటిన్ మాత్రలను ఫిన్లాండులో 29,133 మంది పొగ తాగే మగవాళ్ళ మీద పరీక్షిస్తే, 1994లో తేలిందేమిటంటే ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం పెరిగిందని.

1999లో దీపం పథకం కింద, 2016 తర్వాత ఉజ్వల కింద మన పల్లెల్లోకి గ్యాసు పొయ్యిలు వచ్చాయి. కాఫీకీ పప్పుకీ గ్యాసు, నీళ్ళకీ పండగ వంటకీ కట్టెలు అన్న అలవాటును మార్చండి. అప్పటిదాకా పొయ్యిని గదిలోంచి బయటికి, గాలి ఆడే చోటికి జరపండి, తడి పుల్ల పెట్టొద్దు. రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే, తెమడలో రక్తం కనిపిస్తే, బరువు తగ్గిపోతుంటే ఆసుపత్రికి పోయి తెమడ పరీక్ష, ఎక్స్‌రే చేయించుకోండి. పరీక్షలో క్షయ తేలకుండానే క్షయ మందులు మొదలుపెట్టి నెలలు గడిపేయడం వల్ల మన దేశంలో ఎంతోమందికి ఈ క్యాన్సర్ ఆలస్యంగా బయటపడుతోంది. మందులు వాడుతున్నా దగ్గు తగ్గకపోతే ఛాతీ సీటీ స్కాన్ గురించి డాక్టర్ని నోరు తెరిచి అడగండి. "మా అమ్మ పొగ తాగదు సార్" అని ఊరుకోకండి. "నలభై ఏళ్ళుగా కట్టెల పొయ్యి మీద వండుతోంది" అన్న మాట కూడా కలిపి చెప్పండి.